జిరాక్సు సెంటరు కంప్యూటరుకు రెండో కాపురం: ప్రాజెక్టు డైరీ

చేతిలో ఉన్నదేమిటి

కోనసీమలో, రాజోలుకు దగ్గర ఊళ్లో ఒక జిరాక్సు, టైపింగు సెంటరు. అర్జీలు, అఫిడవిట్లు, శుభలేఖల మ్యాటరు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఆధార్ ప్రింట్లు, మీభూమిలో అడంగలు, 1బీ కాపీలు తీయడం రోజువారీ పని. పనంతా నడిచేది ఒకే డెస్క్‌టాప్ మీద. హెచ్81 మదర్‌బోర్డు, కోర్ ఐ3-4130, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు, విండోస్ 10.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14న ఆగిపోయింది. అదనపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకున్న ఇళ్ల కంప్యూటర్లకైనా 2026 అక్టోబరు 13 వరకే. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరు అడుగుతారు. ఐ3-4130 నాలుగో తరానిది. షరతులు దాటించి ఎక్కించే చిట్కాలున్నాయి గానీ, కౌంటరు దగ్గర నలుగురు నిలబడి ఉన్నప్పుడు మొరాయించే యంత్రం దుకాణానికి పనికిరాదు. ఇక్కడ విండోస్‌కి బదులు ఉచిత ఆపరేటింగ్ సిస్టము లినక్స్ మింట్ 22, అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం ఎంచుకున్నాం. ఖాళీగా ఉన్నప్పుడు ర్యామ్ సుమారు ఒక జీబీ తీసుకుంటుంది, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి.

పని మొదలెట్టేముందు ఒక ప్రశ్న తేల్చుకోవాలి. సెంటరులో వేలిముద్ర యంత్రంతో డబ్బు తీసిచ్చే సర్వీసు ఉందా? ఉంటే ఆ యంత్రాన్ని ముట్టుకోవద్దు, ఆ పరికరాల సాఫ్ట్‌వేరు విండోస్‌ని నమ్ముకుని ఉంటుంది. ట్యాలీ నడిచే కంప్యూటరుదీ అదే సంగతి. జీఎస్టీ రిటర్నులకు మాత్రం ఇబ్బంది లేదు. సొంత వ్యాపారమైతే ఓటీపీతో ఏ బ్రౌజర్లోనైనా వేయొచ్చు. ఈ సెంటరులో వేలిముద్ర పని లేదు కాబట్టి ముందుకెళ్లాం.

మూత తీసిన రోజు

డెల్టాలో కంప్యూటరు పాతబడి చావదు, చెమ్మకి చస్తుంది. వానాకాలం మూణ్ణెల్లూ గోడలు నెమ్ముతుంటాయి, సముద్రం వైపు ఊళ్లలో గాలిలో ఉప్పు కూడా తోడవుతుంది. మూత తీయగానే ర్యామ్ కాళ్లు, డిస్కుకి వెళ్లే సాటా తీగల కొనలు, వెనక వైపు పోర్టుల రేకు చూడాలి. ఇక్కడ ర్యామ్ కాళ్ల మీద మసక పొర ఉంది, యూఎస్‌బీ పోర్టుల చుట్టూ రేకు ఎర్రబారింది. కంప్యూటరు అప్పుడప్పుడు మూడు బీపులు కొట్టి ఆగిపోతోందన్న ఫిర్యాదుకి కారణం ఈ పొరే.

పవరు తీగ పీకి, ఆన్ బటను పది సెకన్లు నొక్కి పట్టుకుని, అప్పుడు ర్యామ్ తీయాలి. తెల్ల రబ్బరుతో కాళ్లను మెల్లగా, ఒకే దిక్కుగా రుద్దాలి. గరుకు కాగితం వద్దు, పైనున్న బంగారు పూత లేచిపోతే తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. రబ్బరు పొడి దులిపి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి. స్లాటులోకి అదే ఆల్కహాలు తడిపిన మెత్తని బ్రష్షు. ప్రాసెసరు మీది పాత థర్మల్ పేస్టు సున్నంలా గట్టిపడితే తుడిచేసి బఠాణీ గింజంత కొత్తది పెట్టాలి.

కంప్యూటరుకి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు. 230 వోల్టుల ఏసీని అది 320 వోల్టులు దాటిన డీసీ చేసి కెపాసిటర్లలో దాస్తుంది. ప్లగ్గు పీకేశాక కూడా కాసేపు ఆ దెబ్బ అందులోనే ఉంటుంది. బల్లులు, చీమలు దూరిన డబ్బా అయితే బయటినుంచి బ్లోయరుతో ఊది చూడాలి, తగ్గకపోతే మార్చేయాలి.

బటన్ బ్యాటరీ సీఆర్2032 వోల్టేజి మల్టీమీటరుతో చూడాలి. కొత్తది 3 వోల్టుల పైన చూపిస్తుంది, 2.8 కంటే దిగితే మార్చడమే. దీని తంటా విచిత్రంగా బయటపడుతుంది. కరెంటు పోయి వచ్చాక గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది, బ్రౌజరు ఏ సైటు తెరిచినా భద్రత లేదని ఆపేస్తుంది. సైటు సర్టిఫికెట్టు తేదీకీ కంప్యూటరు తేదీకీ పొసగకపోవడమే కారణం. నెట్టు పాడైందనుకుని కేబులాయనకు ఫోన్ చేసేవాళ్లు ఎక్కువ.

పెట్టెను నేల మీద నుంచి అడుగు ఎత్తున బల్ల మీదికి మార్చాం, చెమ్మ గోడకు జానెడు ఎడం. వానాకాలంలో వాడినా వాడకపోయినా రోజుకో గంట ఆన్ చేసి ఉంచాలి. లోపలి వేడే చెమ్మను ఆరబెడుతుంది.

కరెంటు

ఇన్వర్టరు ఉన్నా కరెంటు పోగానే కంప్యూటరు రీస్టార్ట్ అవుతోంది. ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్లలోని నిల్వతో బయటి కరెంటు లేకుండా సుమారు 16 మిల్లీసెకన్లు నిలబడుతుంది, పాతబడ్డది అంతకన్నా తక్కువ. ఇన్వర్టరు ఈసీవో మోడులో ఉంటే బ్యాటరీకి మారడానికి అంతకంటే ఎక్కువే తీసుకుంటుంది. వెనకో పక్కనో ఉన్న మీటను యూపీఎస్ మోడుకి తిప్పితే మార్పు వేగంగా జరుగుతుంది. తిప్పాక మెయిన్ దింపి, ఎత్తి, మళ్లీ దింపి చూడాలి. అప్పటికీ రీస్టార్ట్ అయితే లోపం ఎస్‌ఎంపీఎస్‌దే.

లేజరు ప్రింటరును ఇన్వర్టరు సాకెట్లోంచి తీసి మెయిన్ లైనుకి మార్చాం. కాగితం మీద టోనరును కాల్చి అంటించే ఫ్యూజరు వేడెక్కేటప్పుడు వందల వాట్లు ఒక్కసారిగా లాగుతుంది. కంప్యూటరు, ఎల్‌ఈడీ మానిటరు కలిపి తీసుకునేది దానిలో చిన్న వంతు. ప్రింటు కొట్టగానే ఇన్వర్టరు ఓవర్‌లోడని కూసేది ఇందుకే.

పెట్టె రేకు ముట్టుకుంటే చురుక్కుమంటోందంటే ఎర్తింగు లేదని. ఎర్తు తెగితే ఎస్‌ఎంపీఎస్ ఫిల్టరు కెపాసిటర్ల వల్ల రేకు మీదికి సుమారు సగం మెయిన్ వోల్టేజి వస్తుంది. సాకెట్లో న్యూట్రలుకీ ఎర్తుకీ మధ్య మల్టీమీటరు పెడితే రెండు మూడు వోల్టుల్లో ఉండాలి. మన నేలలో తడికి కొదవ లేదు కాబట్టి ఎర్తు బాగా దొరుకుతుంది గానీ, ఉప్పు నేలల్లో జీఐ పైపు, దాని మీది క్లాంపు తినేసుకుపోతాయి. ఏడాదికోసారి ఆ క్లాంపు విప్పి గీకి బిగించాలి.

పాత డిస్కు నుంచి ప్రాణం తీసుకురావడం

మింట్ పెన్‌డ్రైవుతో బూట్ చేసి, డిస్క్స్ అనే యాప్‌లో డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ వివరాలు తెరిచాం. చూడాల్సినవి రెండు గళ్లు: మార్చేసిన సెక్టార్ల లెక్క, చదవలేక వేచి ఉన్న సెక్టార్ల లెక్క. రెండోది సున్నా కాకపోతే ఆ డిస్కు మీద కొత్తగా ఏమీ రాయొద్దు. ఇక్కడ సున్నా కాదు.

అటువంటి డిస్కు నుంచి ఫైళ్లను ఒక్కొక్కటీ కాపీ చేయబోతే ఒక చెడ్డ సెక్టారు దగ్గర నిమిషాల కొద్దీ ఆగుతుంది, ఈలోగా డిస్కు ఇంకా పాడవుతుంది. పాడైన డిస్కుల కోసమే ఉన్న డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం వాడాలి. మొదటి విడతలో బాగున్న భాగమంతా లాగేసి, మొండికేసిన చోట్లను వదిలిపెట్టమని చెప్పాలి. రెండో విడతలో ఆ మిగిలినవాటిని మూడుసార్లు ప్రయత్నించమనాలి. మ్యాప్ ఫైలు తప్పకుండా ఇవ్వాలి, మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటునుంచే మళ్లీ మొదలవుతుంది. మూలం ఏది, గమ్యం ఏది అన్నది డిస్కు సీరియల్ నంబరు చూసి రెండుసార్లు సరిచూసుకోవాలి. తారుమారైతే ఖాళీ డిస్కు పాత దాని మీదికెక్కి ఉన్నదంతా పోతుంది.

ఇలా పాత విండోస్ మొత్తం మంచి స్థితిలో ఉన్న ఇంకో 500 జీబీ డిస్కు మీదికి వచ్చింది. దాన్ని పారేయకుండా ఉంచడానికి కారణం పేజీలు పెట్టే పాత సాఫ్ట్‌వేరు పేజ్‌మేకరు, దానిలో తెలుగుకి వాడే అను ఫాంట్లు. ఆ సంగతి కింద.

కొత్త ఎస్‌ఎస్‌డీ 240 జీబీ. హెచ్81 బోర్డు మీద సాటా పోర్టుల్లో రెండు 6 గిగాబిట్లవి, రెండు 3 గిగాబిట్లవి. ఎస్‌ఎస్‌డీని 6 దాంట్లో పెట్టాలి, బోర్డు మీద పక్కనే అచ్చువేసి ఉంటుంది. ర్యామ్ ఇంకో 4 జీబీ వేసి 8 చేశాం. వేశాక ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ ఒక పూర్తి చుట్టు తిరగాలి. ఒక్క ఎర్ర గీత వచ్చినా ఆ ర్యామ్ తిరిగి ఇచ్చేయాలి.

మింట్ ఎక్కించేటప్పుడు విండోస్ డిస్కు తీగ పీకి ఉంచడం మంచిది. లేకపోతే ఇన్‌స్టాలరు బూట్ ఫైళ్లను ఆ డిస్కులోని ఈఎఫ్‌ఐ విభాగంలో పెట్టేసే ప్రమాదముంది, రేపు ఆ డిస్కు తీసేస్తే మింట్ కూడా లేవదు. అంతా అయ్యాక తీగ పెట్టి, ఏది కావాలో బోర్డు బూట్ మెనూలో ఎంచుకోవడమే.

దుకాణపాయన మొదట అడిగింది కొత్త ల్యాప్‌టాప్ కొనేయనా అని. తక్కువ ధరలో వచ్చే 4 జీబీ ర్యామ్, ఈఎంఎంసీ నిల్వ ఉన్న ల్యాప్‌టాప్ కన్నా ఎస్‌ఎస్‌డీ వేసిన ఈ పాత ఐ3 టైపింగు పనికి గట్టిగా నిలబడుతుంది. చెడితే ఏ ముక్కకా ముక్క అమలాపురంలోనో పాలకొల్లులోనో దొరుకుతుంది. ల్యాప్‌టాప్‌లో ఆ నిల్వ బోర్డుకే అతికి ఉంటుంది, పోతే బోర్డు మొత్తం పోయినట్టే.

తెలుగు: అసలు పని ఇక్కడ

ఇంతవరకు చేసింది ఏ ఊళ్లోనైనా చేసే పనే. టైపింగు చేసే అమ్మాయి చెప్పింది ఒకటే మాట: "ఆపిల్ కీబోర్డు లేకపోతే నా చేతులు ఆడవండీ." ఆపిల్ అంటే ఇక్కడ ఒక తెలుగు కీబోర్డు లేఅవుట్, ఏ కీ కొడితే ఏ అక్షరం పడుతుందో ఆ అమరిక. ఆ అమ్మాయి మాటకు జవాబు దొరక్కపోతే ఎస్‌ఎస్‌డీ ఎంత వేగంగా ఉన్నా నెల తిరక్కుండా మళ్లీ విండోస్ ఎక్కుతుంది. పాత కంప్యూటర్లకు లినక్స్ వేసి, ఇన్‌పుట్ సంగతి వాళ్లే చూసుకుంటారులే అని వదిలేసే అలవాటు మానుకోవాలి. డీటీపీ చేసేవాళ్లకు ఏళ్ల తరబడి వేళ్లకు పట్టిన లేఅవుట్టే వాళ్ల జీవనాధారం.

మింట్‌లో ఇన్‌పుట్ మెథడ్ అనే యాప్ తెరిచి, ఐబస్ ఎంచుకుని, తెలుగు లేఅవుట్లు ఉండే ఎం17ఎన్ ప్యాకేజీ వేయాలి. లాగౌట్ అయి వచ్చాక ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద ఆపిల్, ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, సరళ వంటివి కనిపిస్తాయి. మార్చే కీగా విండోస్ కీ, స్పేస్ ఉంటే మెనూతో తగువు వస్తుంది, కంట్రోల్ స్పేస్ పెట్టాం. తేడాగా ఉన్న అక్షరాల పట్టీ ప్రింటు తీసి మానిటరు కింద అంటించాం. కొత్తగా నేర్చుకునేవాళ్లకైతే మొదటి నుంచీ ఇన్‌స్క్రిప్టే నేర్పాలన్నది గట్టి అభిప్రాయం. విండోస్‌లో, లినక్స్‌లో, మాక్‌లో ఎక్కడికెళ్లినా అదే ఉంటుంది.

లేఅవుట్ ఒకటే అయినా లోపల జరిగేది వేరు. అను ఫాంటులో వత్తు ఒక విడి బొమ్మ, ఎక్కడ పెడితే అక్కడ కూర్చుంటుంది. యూనికోడులో వత్తు అనే అక్షరమే లేదు, పొల్లు తర్వాత హల్లు వస్తే ఫాంటే దాన్ని కిందికి దింపుతుంది. "లక్ష్మి" అన్న మాటలో కంటికి రెండు అక్షరాలు, ఫైల్లో ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. మింట్‌లో టైపింగుకి వాడే లిబర్‌ఆఫీస్‌లో చివర బ్యాక్‌స్పేస్ ఒకసారి కొడితే గుడి పోయి "లక్ష్మ" మిగులుతుంది, ఇంకోసారి కొడితే "లక్ష్". "ల" తర్వాత కర్సరు పెట్టి డిలీట్ కొడితే "క్ష్మి" గుత్తి మొత్తం ఒక్క దెబ్బకి పోతుంది. ఇది తెలియక మొదట్లో అక్షరాలు మాయమవుతున్నాయని కంగారు పడతారు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి ఈ ఒక్క మాట మీద చూపిస్తే చాలు.

లిబర్‌ఆఫీస్‌లో ముందు భాషల సెట్టింగులోకి వెళ్లి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ టిక్కు పెట్టి, తెలుగు ఎంచుకోవాలి. ఇంగ్లీషుకి ఒక ఫాంటు, తెలుగుకి ఒక ఫాంటు విడివిడిగా గుర్తుంచుకుంటుంది. స్టైల్‌లో ఇంగ్లీషు ఫాంటు మార్చి, తెలుగు మారలేదేమిటని తికమకపడేది ఇక్కడే. లైన్ స్పేసింగు ఫిక్స్‌డ్‌లో పెడితే "స్త్రీ", "రాష్ట్రం" లాంటి మాటల్లో కింది వత్తులు తెగిపోతాయి. ప్రపోర్షనల్‌లో ఉంచాలి. లోపలి మ్యాటరుకి మండలి, హెడ్డింగులకి రామభద్ర ఫాంట్లు పెట్టాం, రెండూ ఉచితం.

"ఫేస్‌బుక్" అని కొడితే "ఫేస్బుక్" అని అతుక్కుపోతుంటే మధ్యలో కనిపించని విడదీసే గుర్తు కావాలి. ఇంగ్లీషు కీబోర్డుకి మారి 200సి అని కొట్టి, ఆల్ట్ ఎక్స్ నొక్కితే లిబర్‌ఆఫీస్ దాన్ని ఆ గుర్తుగా మారుస్తుంది. సెంటరులో తరచూ వచ్చే మాటలకు ఆటోకరెక్టులో ఒకసారి ఎక్కిస్తే ఆ శ్రమా ఉండదు.

ఇక పాత ఫైళ్లు. పేజ్‌మేకరు 7 వచ్చింది 2001లో, దాని తర్వాత వెర్షను లేదు. అయినా గోదావరి జిల్లాల్లో ప్రెస్సులు చాలావరకు ఇంకా దానిలోనే శుభలేఖలు, కరపత్రాలు పెట్టిస్తాయి. విండోస్ ప్రోగ్రాములను నడిపించే వైన్ ద్వారా లినక్స్‌లో దాన్నీ, అను కీబోర్డు మేనేజరునూ నడపాలని చూడటం వృథా. ఆ పని విండోస్ డిస్కులోనే ఉంటుంది, దాని నెట్‌వర్కు డివైస్ మేనేజర్లో డిసేబుల్ చేసి పెట్టాం. నెట్టు లేని విండోస్ 10కి అప్‌డేట్లు లేకపోయినా పెద్ద ప్రమాదం లేదు, పెన్‌డ్రైవుల సంగతి చూసుకుంటే చాలు.

పాత మ్యాటరును కన్వర్టరుతో యూనికోడుకి మార్చేటప్పుడు పదే పదే దొరికే తప్పు మ, వు తికమక. "మంత్రి" కాస్తా "వుంత్రి", "మండలం" కాస్తా "వుండలం" అవుతాయి. పాత ఫాంటు లెక్కలో "మ" అంటే "వ"కి తోక తగిలించిన బొమ్మ కాబట్టి. ఫైండ్ రీప్లేస్‌తో ఒకేసారి మార్చేద్దామంటే కుదరదు, "వుంది", "వుండగా" లాంటి సరైన మాటలు కూడా చెడిపోతాయి. మాటల వారీగా పట్టీ తయారు చేసి మార్చాలి. అంకెలు, బ్రాకెట్లు, కొటేషన్లు వేరే అక్షరాలుగా మారిపోవడం రెండో తప్పు. సర్వే నంబర్లు, ఎకరాలు, సెంట్లు ఉన్న కాగితమైతే పాతదాన్ని పక్కన పెట్టుకుని అంకె అంకె సరిచూడాలి. ఆస్తి కాగితంలో ఒక అంకె మారితే కోర్టు మెట్లెక్కించే సంగతి.

బయటికిచ్చే ఫైలు ఎప్పుడూ పీడీఎఫ్ చేసి ఇవ్వాలి. డాక్యుమెంటు ఫైలుగా పంపితే అవతలి కంప్యూటర్లో మండలి లేకపోతే నిర్మలా యూఐ వచ్చి కూర్చుంటుంది, పేజీలు జరిగిపోతాయి.

ప్రింటరు, ఫొటోలు

సెంటర్లలో కనిపించే లేజరు ప్రింటర్లలో రెండు రకాలు లినక్స్ దగ్గర పేచీ పెడతాయి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 లాంటివాటికి ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరు నుంచి ఫర్మ్‌వేర్ ఎక్కాలి. హెచ్‌పీ ప్రింటర్ల డ్రైవరు హెచ్‌పీలిప్‌తో పాటు దాని ప్లగిన్ కూడా వేయాలి, హెచ్‌పీలిప్ అప్‌డేట్ అయితే ప్లగిన్ మళ్లీ వేయాలి. ప్రింటరు దొరికింది, పని క్యూలో ఉంది, కాగితం మాత్రం కదలదు అంటే కారణం ఇదే. కానన్ ఎల్‌బీపీ2900ది కాప్ట్ అనే సొంత పద్ధతి. దాని లినక్స్ డ్రైవరు పాతది, 32 బిట్ లైబ్రరీలు అడుగుతుంది. నడిపించొచ్చు గానీ, దుకాణంలో రోజూ నమ్ముకోదగ్గ ఏర్పాటు కాదు. ఈ సెంటరులో ఉన్నది 1020, ప్లగిన్‌తో నడుస్తోంది. కొత్తగా కొనేవాళ్లు ఐపీపీ లేదా ఎయిర్‌ప్రింట్ ఉందో లేదో పెట్టె మీద చూసి కొంటే డ్రైవరు గొడవే ఉండదు.

ఫొటోల పని ఫొటోలు దిద్దే యాప్ గింప్‌లో. పాస్‌పోర్టు సైజు 35 × 45 మిల్లీమీటర్లు, 300 డీపీఐలో 413 × 531 పిక్సెళ్లు. 4 × 6 అంగుళాల ఫొటో కాగితమంటే 1200 × 1800. అడ్డంగా తిప్పితే వరుసకు నాలుగు, రెండు వరుసలు, మొత్తం ఎనిమిది ఫొటోలు కత్తిరింపు జాగాతో సహా సరిగ్గా పడతాయి. ఈ గడులతో ఒక ఖాళీ నమూనా చేసి పెట్టుకుంటే ముఖం అతికించడమే పని. ప్రింటు డైలాగులో ఫిట్ టు పేజ్ ఉంటే తీసేసి 100 శాతం పెట్టాలి, లేకపోతే 35 కాస్తా 33 అవుతుంది, కౌంటర్లో తిప్పి పంపేస్తారు. ఉద్యోగాల దరఖాస్తులకు ఫొటో 20 నుంచి 50 కేబీ మధ్య అడిగితే, జేపీఈజీ ఎగుమతి చేసేటప్పుడు ప్రివ్యూ టిక్కు పెట్టి క్వాలిటీ జరుపుతూ ఉంటే సైజు అక్కడే కనిపిస్తుంది.

జనం కాగితాలు

పాత డిస్కు డెస్క్‌టాప్ నిండా ఊళ్లోవాళ్ల ఆధార్లు, పాన్ కార్డులు, బ్యాంకు పాసుపుస్తకాల స్కాన్లు. ఏ సెంటరులో చూసినా ఇదే. కావాలని దాచుకున్నవి కావు, తీసేసే తీరిక లేక పోగుపడినవి. కానీ ఆ డిస్కు రిపేరుకి వెళ్లిన రోజు అవన్నీ ఎవరి చేతిలో పడతాయో తెలియదు. దీన్ని మనిషి జ్ఞాపకానికి వదలకూడదు, యంత్రమే చేయాలి. లాగిన్ అవ్వగానే డౌన్‌లోడ్స్, స్కాన్స్ ఫోల్డర్లు రెండూ ఖాళీ అయ్యేలా సెషన్ అండ్ స్టార్టప్‌లో ఒక వరుస రాశాం. ఉంచుకోవాల్సిన పని మ్యాటరు అనే వేరే ఫోల్డర్లో ఉంటుంది.

కస్టమరు తన వాట్సాప్ తెరవాలంటే ఫైర్‌ఫాక్స్ ప్రైవేటు విండోలోనే. మూయగానే లాగిన్ పోతుంది. దుకాణం నంబరుకి ఫైళ్లు పంపేవాళ్ల కోసం వాట్సాప్ ప్రైవసీలో డిఫాల్ట్ మెసేజ్ టైమరు 24 గంటలు పెట్టాం. ఇది కొత్త చాట్లకే వర్తిస్తుంది, పాతవి చేత్తో తీయాలి. ఫోన్‌లో మీడియా విజిబిలిటీ కూడా ఆపాలి, లేకపోతే ఊరందరి ఆధార్లూ గ్యాలరీలో చేరతాయి. ఆధార్ డౌన్‌లోడు చేసేటప్పుడు చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ రకం ఉందని కస్టమరుకి చెప్పడం కూడా సెంటరు పనే.

పెన్‌డ్రైవుల్లో ఫోల్డర్లు షార్ట్‌కట్లుగా మారిపోయే వైరస్సు ఇంకా తిరుగుతూనే ఉంది. లినక్స్‌లో అది నడవదు, విండోస్‌లో దాచిన అసలు ఫోల్డరు ఇక్కడ మామూలుగానే కనిపిస్తుంది. అందులోంచి కావాల్సిన ఫైలు తీసుకుని, షార్ట్‌కట్లు, తెలియని ప్రోగ్రాం ఫైళ్లు తీసేసి ఇవ్వొచ్చు. విండోస్ డిస్కు మీద పని ఉన్నప్పుడు కూడా బయటి పెన్‌డ్రైవు ముందు మింట్‌లో తెరిచి చూశాకే.

మిగిలిన పని

మింట్‌లోని టైమ్‌షిఫ్ట్ రోజూ ఒక స్నాప్‌షాట్ తీస్తోంది, అది సిస్టముకే గాని ఫైళ్లకు కాదు. మ్యాటరు ఫోల్డరుకి వారానికోసారి బయటి డిస్కు మీద బ్యాకప్ పెట్టాలి, ఆ డిస్కు దుకాణంలో కాక ఇంట్లో ఉండాలి. స్కానరు 300 డీపీఐలో రంగుల పేజీ సరిగానే తీస్తోంది. ఆధార్ ముందూ వెనకా ఒకే ఏ4 మీద 85.6 × 54 మిల్లీమీటర్ల గడుల్లో పడేలా లిబర్‌ఆఫీస్ డ్రాలో ఒక నమూనా చేయాలి. కన్వర్టరు తప్పుల పట్టీలో మాటలు ఇంకా చేరుతున్నాయి, శుభలేఖల మ్యాటరు మొత్తం అయ్యాక దాన్ని పక్క ఊరి సెంటర్లకు కూడా ఇస్తాం.